ఎండలో మారథాన్: నీళ్లు, పేస్ ఎలా చూసుకున్నారు?

వచ్చే నెల నా మొదటి ఫుల్ మారథాన్, 42.195 కిలోమీటర్లు. తెల్లవారుజామునే మొదలైనా, నా వేగానికి చివరి పది కిలోమీటర్లు ఎండలోనే పడతాయి. చల్లటి పూట తేలిగ్గా సాగే పేస్‌కే వేడిలో గుండె దడదడలాడుతోంది. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుందంటారు కాబట్టి కొన్ని పరుగులు ఎండపూటకు మార్చాను.

అసలు టెన్షన్ నీళ్లతోనే. తక్కువ తాగితే డీహైడ్రేషన్, అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం. మీరు దాహాన్ని బట్టి తాగారా, లెక్క పెట్టుకుని తాగారా? ఉప్పు మాత్రలు నిజంగా పనిచేశాయా (నాకైతే అనుమానమే)? పేస్ మొదటి నుంచే తగ్గించారా, ఒళ్లు మొరాయించాకా?

పూర్తి చేసినవాళ్లే కాదు, మధ్యలో ఆపేసినవాళ్లు కూడా దయచేసి చెప్పండి. ఏ లక్షణం కనిపిస్తే ఆగిపోవాలన్నది నాకు టైమింగ్ కంటే ముఖ్యం.