‘ది ఏన్షియంట్ మేగస్ బ్రైడ్’: చివరికి ఎలియాస్ మనిషి అవుతాడంటారా? నాకైతే నమ్మకం లేదు

గోదారిగట్టు:

రెండు సీజన్లూ చూడనివాళ్లు దయచేసి ఇక్కడే ఆగిపోండి. కథంతా చెప్పేస్తున్నాను.

ఇది జపాన్ ఆనిమే. పుర్రె తల ఉన్న మంత్రగాడు ఎలియాస్, అతను కొని తెచ్చుకుని శిష్యురాలిగా, పెళ్లికూతురిగా పెట్టుకున్న చిసే అనే అమ్మాయి కథ. 2017లో మొదలైన సీజన్ 24 ఎపిసోడ్లు, 2023లో వచ్చింది ఇంకో 24. దీనికి మూలమైన మాంగా (బొమ్మల కథ) ఇంకా నడుస్తోంది, కాబట్టి ముగింపు మనకెవరికీ తెలియదు. అయినా ఎవర్ని కదిపినా ఒకటే మాట. చివర్లో ఎలియాస్‌కి ఆ పుర్రె తల పోయి మనిషి ముఖం వచ్చేస్తుందట, చిసే శాపాలు తీరిపోతాయట, ఇద్దరూ ఆ పల్లెటూరి ఇంట్లో సుఖంగా ఉంటారట. నాకిది మింగుడు పడటం లేదు. ఎందుకో రాస్తాను, మీరేమంటారో చెప్పండి.

ఈ సిరీస్ నేను మా అమ్మమ్మతో కలిసి చూశాను. ఆవిడకి ఎనభై నాలుగేళ్లు. రాత్రి భోజనాలయ్యాక మంచం మీద దిండు పెట్టి, దాని మీద లాప్‌టాప్ పెట్టుకుంటే పక్కకి జరిగి కూర్చునేది. జపనీసూ రాదు, ఇంగ్లీషు సబ్‌టైటిల్సూ చదవలేదు. ప్రతి మాటా నేను ఆపి తెలుగులో చెప్పాలి. మొదటి ఎపిసోడ్‌లో పదిహేనేళ్ల చిసేని వేలంపాటలో ఎలియాస్ యాభై లక్షల పౌండ్లు పోసి కొంటాడు కదా, అది చెప్పగానే "అయితే కన్యాశుల్కం అన్నమాట" అంది. కాసేపు ఊరుకుని, "కొన్నాడు సరే, చదువు చెప్పిస్తాడా?" అని అడిగింది. ఆ ఎముకల తల గురించి ఒక్క ముక్క అడగలేదు. ఆవిడ అడిగిన ప్రశ్నకి, చిసే మంత్రాల కాలేజీలో చేరే రెండో సీజన్ మొత్తం జవాబని నాకు చాలా రోజుల తర్వాత తట్టింది.

ఇక అసలు విషయం. ఈ కథలో అందరూ చిసే ఎప్పుడు చనిపోతుందా అని లెక్కలేస్తారు. చిసే స్లే బెగ్గీ, అంటే ఒళ్లు తట్టుకోలేనంత మంత్రశక్తి పుట్టుకతోనే ఉన్న మనిషి, కాబట్టి మూడేళ్లకు మించి బతకదని రెన్‌ఫ్రెడ్ అనే ఆల్కెమిస్టు మొదట్లో చెప్తాడు. ఆ తర్వాత డ్రాగన్ శాపం చేతికి ఎక్కింది, ఆపైన చావు రాక తిరిగే జోసెఫ్ దగ్గర్నుంచి చావులేని శాపం వచ్చింది. ఇప్పుడు ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టి ఆపుతున్నాయి. నా దృష్టిలో కథ చెప్పేది చిసే చావు గురించి కాదు. వెనక మిగిలిపోయేవాడు ఎలా మిగులుతాడన్నదే కథ.

మొదటి సీజన్‌లోనే ముగ్గురు అలా మిగిలిపోయారు. పిల్లుల ఊళ్లో మాథ్యూ: భార్య మీనా జబ్బుపడితే ఎలాగైనా బతికించుకోవాలని పిల్లుల్ని చంపుకుంటూ పోయాడు, చివరికి ఆమే దక్కలేదు. రూత్: యజమానురాలు ఇసబెల్ పోతే సమాధి దగ్గరే కూర్చుండిపోయిన కుక్క. మూడోది గులాబీ తోటలో లెనన్ షీ, ప్రేమించినవాడి ప్రాణం తాగే దేవకన్య. తను దగ్గరుంటే ఆ తోట యజమాని, ముసలి జోయెల్ ప్రాణం తరిగిపోతుందని తెలుసు, అయినా వదిలి వెళ్లలేదు. ప్రేమ అని ఒప్పుకోనూ లేదు. ఏళ్ల తరబడి ఆ తోటలోనే, అతనికి కనపడకుండా.

ఎలియాస్ ఈ మూడింట్లో ఏ దారి పడతాడన్నదే నాకు ముగింపు. అతను మాథ్యూ దారిలో ఒకసారి వెళ్లి వచ్చాడు కూడా, మనమే సరిగ్గా పట్టించుకోలేదు. చిసే శాపాన్ని దించడానికి స్టెల్లాని బలిచ్చే ప్రయత్నం చేశాడుగా. చిసేకి ఉన్న ఒకే ఒక్క మామూలు స్నేహితురాలు ఆ పిల్ల. అందుకే చిసే ఇల్లు వదిలి వెళ్లిపోయింది. ప్రేమ పేరుతో ఇంకొకరి ప్రాణం మీదికి పోవడం, ఈర్ష్య, భయం, అన్నీ కలిసి ఉన్నాయి అందులో. ముఖం మారిస్తే అవి పోతాయా? మనిషి ముఖం ఉన్న మాథ్యూ చేసిందేమిటి మరి?

ఇంకొక్క మాట. ఆ పుర్రెలో కదిలేది ఏమీ లేదు. కనుబొమలు లేవు, పెదాలు లేవు. కళ్ల గుంతల్లో చిన్న వెలుగు, తల కాస్త వంచడం, కొమ్ముల నీడ గోడ మీద పడటం, అంతే. అయినా అతను అలిగాడో భయపడ్డాడో చిసేకి తెలిసిపోతుంది, చూసే మనకీ తెలుస్తుంది. నలభై ఎనిమిది ఎపిసోడ్లు కష్టపడి మనకి నేర్పిన ఆ చూపుని, చివర్లో ఒక అందగాడి ముఖం పెట్టి తుడిచేస్తారా? వద్దు.

నా ఊహ ఇది: చిసే మనిషిగానే బతుకుతుంది, తన వయసుకి తను ముసలిదవుతుంది. ఎలియాస్ అలాగే ఉంటాడు. ఆమె పోయాక అతను ఎవరినీ బలి ఇవ్వకుండా, ఆ ఇంట్లోనే ఉండగలుగుతాడు.

మంచుదీవి:

అక్కా, బాగా రాశారు, కానీ చిసే ముందు పోతుందని ఎందుకు తేల్చేశారు? ఈ కథలో మంత్రగాళ్లు మామూలు మనుషుల లెక్కలో ఉండరు. లిండెల్‌ని చూడండి, ఎన్ని వందల ఏళ్ల నుంచి డ్రాగన్ల దగ్గర ఉన్నాడో. మంచులో తిరుగుతున్న ఎలియాస్‌ని చేరదీసింది అతనే. చిసే కూడా మంత్రగత్తే. పైగా ఒంట్లో చావులేని శాపం ఉంది. రెండు శాపాల తూకం ఇలాగే నిలబడితే ఎలియాస్‌తో సమానంగా బతకొచ్చు. అప్పుడు వెనక మిగిలిపోయేవాళ్లే ఉండరు కదా.

నాకు కావాల్సింది ఆ ముగింపే. ఈ పిల్ల చిన్నప్పుడు పడ్డ బాధ చాలు. కన్నతల్లి గొంతు పిసికి, తర్వాత కళ్లముందే దూకి చచ్చిపోయింది. నాన్న, తమ్ముడు ముందే వదిలేసి వెళ్లారు. ఇంతా అయ్యాక ఆమెకి ఎక్కువ కాలం ఇవ్వడంలో తప్పేముంది? ముసలిదై పోయే సీన్ చూడటానికి నాకు ధైర్యం లేదు. ముసలి డ్రాగన్ నెవిన్ చెట్టుగా మారిన సీనుకే రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు నేను.

రాత్రిషిఫ్టు:

నేను మీ ఇద్దరితోనూ ఏకీభవించను. అసలు వీళ్లది పెళ్లిగా ముగియాలని ఎందుకు అనుకుంటున్నాం? కొన్నవాడు, గురువు, మొగుడు, ముగ్గురూ ఒకడే. ఆ అమ్మాయికి పదిహేనేళ్లు. బతకాలనే ఆశే లేక తనని తాను అమ్మకానికి పెట్టుకున్న పిల్ల. అలాంటి పిల్లకి తల మీద మొదటిసారి ఎవరు చెయ్యి వేసినా అదే ప్రేమనిపిస్తుంది. నేను హాస్టల్ వార్డెన్‌గా చేస్తున్నాను, ఇంట్లో ఆదరణ లేని అమ్మాయిలు ఒక మంచి మాటకి ఎలా కరిగిపోతారో రోజూ చూస్తాను. అందుకే మొదటి సీజన్ చివర ఉంగరాల దగ్గర అందరూ ఏడుస్తుంటే నాకు టెన్షన్ పట్టుకుంది.

రెండో సీజన్ నాకు నచ్చింది అందుకే. కాలేజీలో తన వయసు పిల్లలు, గదిలో స్నేహితురాళ్లు, హోంవర్కు, గొడవలు. ఫిలొమెలాని చూశారా? అమ్మమ్మ చేతిలో పనిముట్టులా పెరిగిన పిల్ల. ఆమెని చూసినప్పుడు చిసేకి తన పాత ముఖమే కనపడింది, అందుకే అంత మొండిగా చెయ్యి పట్టుకుని లాగింది. అలా లాగగలిగే మనిషి అయ్యాక చిసే ఎలియాస్ ఇంటి నుంచి బయటికి నడిచి, కొన్నేళ్లు తన దారిన తను బతికి, తర్వాత కావాలనిపిస్తే తిరిగి రావాలి. రాకపోయినా నాకు మంచి ముగింపే.

ఉల్లిపొర:

మీరంతా ఒకరిని మర్చిపోయారు. రూత్ తన ప్రాణాన్ని చిసే ప్రాణానికి ముడివేసుకున్నాడు. ఆమె పోతే అతనూ పోతాడు. గోదారిగట్టు గారు ముగ్గుర్ని చెప్పారు కదా, అందులో రూత్ తన జవాబు ఎప్పుడో ఇచ్చేశాడు: ఇంకోసారి సమాధి దగ్గర కూర్చోను, ఈసారి నీతోనే వస్తాను అని. అంటే చిసే పోయిన రోజు ఎలియాస్‌కి ఇంట్లో కుక్క కూడా ఉండదు. ఇంటి పనులు చూసే దేవత సిల్కీ ఒక్కతే మిగులుతుంది, ఆవిడ మాట్లాడదు. ఆ ఇల్లు ఊహించుకుంటేనే గుండె చెరువైపోతోంది. మీ ముగింపు సరైనదే అనుకోండి, కానీ అంత ఒంటరితనం ఎలియాస్ భరిస్తాడా?

గోదారిగట్టు:

అందరికీ థాంక్స్. ఒక్కొక్కరికీ చెప్తాను.

మంచుదీవి, నువ్వు అడిగింది న్యాయమే. కానీ ఈ కథలో చావు లేకపోవడం వరం కాదు తమ్ముడూ. జోసెఫ్‌ని చూడు. ఒళ్లు కుళ్లిపోతూ, నొప్పితో, పక్కవాళ్ల చేతులూ కళ్లూ లాక్కుని అతికించుకుంటూ తిరుగుతాడు. మా అమ్మమ్మ చూసిన వెంటనే "వీడు అశ్వత్థామే" అంది. నెత్తురూ చీమూ కారుతూ చావు రాక తిరగమని కృష్ణుడు శపిస్తాడు కదా, అచ్చం అలాగే. కార్టఫిలస్ అన్న అతని పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. చావు లేకుండా లోకమంతా తిరిగే యూదుడి కథలో పేరది, పదమూడో శతాబ్దపు ఇంగ్లండు చరిత్ర రాతల్లోనే ఉంది. చివరికి చిసే అతన్ని ఓడించలేదు, జోలపాట పాడి నిద్రపుచ్చింది. నిద్రే వరమని చెప్పిన కథ, హీరోయిన్‌కి మాత్రం ఎప్పటికీ నిద్ర లేకుండా చేస్తుందా? చిసేకి ఎక్కువ ఏళ్లు దొరికితే నాకూ సంతోషమే. కానీ ఒక చివర ఉండాలి.

రాత్రిషిఫ్టు గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఆలోచించాను. మా అమ్మమ్మకి పద్నాలుగేళ్లకే పెళ్లి. తాతయ్య పదమూడేళ్లు పెద్ద. ఆవిడకి అక్షరాలు నేర్పింది ఆయనే. గౌరవం ఉండేది, ప్రేమా ఉండేది, భయమూ ఉండేది. మూడింటినీ విడదీసి చూపించమంటే ఆవిడ వల్ల కాదు. మీరన్నట్టు చిసే బయటికి నడవాలి, తన కాళ్ల మీద నిలబడాలి, దానికి నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. కాలేజీ చదువు పూర్తికాకుండా కథ ముగిస్తే నాకూ కోపం వస్తుంది. కానీ స్టెల్లా విషయంలో ఇల్లు వదిలిన చిసే, తల్లిని గుర్తు తెచ్చుకుని కూడా క్షమించనని గట్టిగా చెప్పిన చిసే, దారి తెలియక ఎలియాస్ దగ్గర ఉండిపోతుందని మాత్రం నాకనిపించదు.

ఉల్లిపొర గారూ, రూత్ మాట రాసి నన్ను ఏడిపించారు. భరిస్తాడా అంటే, నా దగ్గర ఉన్నది ఒక్క గోడ గడియారమే. తాతయ్య ప్రతి ఆదివారం పొద్దున్నే స్టూలెక్కి దానికి తాళం తిప్పేవారు. ఆయన 2006లో పోయాక అది ఆగిపోయింది, మూడు నెలలు నాలుగూ పదికే ఉండిపోయింది. ఒక ఆదివారం అమ్మమ్మ స్టూలు లాక్కుని తనే ఎక్కింది. ఎటు తిప్పాలో తెలియదు. ఎడమకి తిప్పింది, కదలలేదు. కుడికి తిప్పితే లోపల కిర్రుమంది. ఎన్ని చుట్లు తిప్పాలో చెప్పేవాళ్లు లేక, బిగుసుకున్న దగ్గర ఆపింది. ఇప్పుడు స్టూలు ఎక్కలేదు కాబట్టి నేను తిప్పుతాను, ఆవిడ కింద నిలబడి చుట్లు లెక్కపెడుతుంది. పదకొండు.

జోయెల్ చనిపోయే ఎపిసోడ్ కూడా ఆవిడతోనే చూశాను. చిసే ఎన్నోసార్లు చెడగొట్టుకుని, చివరికి ఎలాగో చేసిన, కనపడనివాళ్లని చూపించే ఆ మందు కళ్లకి రాసుకుని, అన్నేళ్లూ పక్కనే ఉన్న మనిషిని జోయెల్ చూస్తాడు. చూసి పోతాడు. నేను ఇటు ముక్కు తుడుచుకుంటున్నాను. అమ్మమ్మ మాత్రం స్క్రీన్ వైపే చూస్తూ, "కనపడింది కదా, చాలు" అంది.

అందుకే అడుగుతున్నాను, ఎలియాస్‌కి కొత్త ముఖం ఎందుకు? చిసే చూసింది ఆ పుర్రెనే. మూడో సీజన్ వస్తే మొదటి ఎపిసోడ్ ఎప్పుడో చెప్పమని అమ్మమ్మ ఇప్పటికే రెండుసార్లు అడిగింది, ఎవరికైనా తేదీ తెలిస్తే ఇక్కడే పెట్టండి.