వర్జీనియా 2021: మెకాలిఫ్ కొంప ముంచింది ఆ ఒక్క మాటేనా?

ఆష్‌బర్న్_నాన్న:
2025 వర్జీనియా గవర్నర్ ఎన్నికలో డెమోక్రాట్ స్పాన్‌బర్గర్ గెలిచినప్పటి నుంచి మా గ్రూపుల్లో పాత గొడవ మళ్లీ లేచింది. 2021 గవర్నర్ ఎన్నికకి సెప్టెంబర్ 28న జరిగిన డిబేట్‌లో డెమోక్రాట్ అభ్యర్థి టెర్రీ మెకాలిఫ్, స్కూళ్లలో ఏం నేర్పాలో తల్లిదండ్రులు చెప్పకూడదని నా అభిప్రాయం అనేశాడు. రిపబ్లికన్ అభ్యర్థి గ్లెన్ యంగ్‌కిన్ ఆ ముక్క పట్టుకుని యాడ్ల మీద యాడ్లు వేసి గెలిచాడు, అదీ ఏడాది ముందు బైడెన్ 10 పాయింట్లతో గెలిచిన రాష్ట్రంలో. నా లెక్కలో ఓడించింది ఆ మాటే. (ఇండియాలో ఉన్నవాళ్లకి: ఇక్కడ గవర్నర్ అంటే రాజ్‌భవన్ పెద్దమనిషి కాదు, మన సీఎం లాంటివాడు, ఓట్లతోనే రావాలి.)

రిచ్‌మండ్_రాజు:
అన్నా, టీవీలో చెప్పిన కథే నువ్వూ చెప్తున్నావ్. 1977 నుంచి చూడు, వైట్‌హౌస్‌లో ఏ పార్టీ ఉంటే ఇక్కడ గవర్నర్ ఎన్నికలో ఆ పార్టీ ఓడుతూనే ఉంది, 2025తో సహా. ఒక్క 2013లోనే తప్పింది, ఒబామా ఉండగా అప్పుడు గెలిచింది ఎవరనుకున్నావ్, ఈ మెకాలిఫే! పైగా ఆయనకి ఓట్లేం తగ్గలేదు. 2017లో డెమోక్రాట్ నార్తమ్ 14 లక్షల చిల్లర ఓట్లతో గెలిస్తే, 2021లో ఈయనకి దాదాపు 16 లక్షలు వచ్చి కూడా 64 వేల లోపు తేడాతో పోయాడు. అవతల జనం ఇంకా ఎక్కువ కదిలారు, ఆగస్టులో కాబూల్ తాలిబన్ల చేతికి పోవడం చూశాక బైడెన్ మీద ఉన్న చిరాకు అది.

ఫెయిర్‌ఫాక్స్_అమ్మ:
కాబూల్ సరే, టీజే సంగతి ఎవరూ ఎత్తరేం? టీజే అంటే మా ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో పోటీపడి సీటు తెచ్చుకోవాల్సిన సర్కారు బడి, థామస్ జెఫర్సన్ హైస్కూల్. దానికి ఎంట్రన్స్ టెస్ట్ 2020లో తీసేశారు, తర్వాతి బ్యాచ్‌లో ఏషియన్ పిల్లలు 73 శాతం నుంచి 54కి పడ్డారు. ఆరో క్లాసు నుంచి పిల్లల్ని శనివారాలు కోచింగ్‌లో దింపి, పార్కింగ్‌లో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆఫీసు పని చేసుకున్న తల్లుల్ని అడగండి. అలాంటివాళ్లకి ఆ డిబేట్ మాట ఎక్కడ తగిలిందో తెలుస్తుంది. ఎప్పుడూ డెమోక్రాట్లకే వేసే ఇంటి ముందు కూడా ఆ అక్టోబర్‌లో యంగ్‌కిన్ బోర్డు చూశాను.

రిచ్‌మండ్_రాజు:
అక్కా, టెస్ట్ తీసేసింది ఫెయిర్‌ఫాక్స్ స్కూల్ బోర్డు, గవర్నర్ కాదు. యంగ్‌కిన్ వచ్చాక మాత్రం ఏం మారింది? 2023లో అప్పీల్స్ కోర్టు కొత్త పద్ధతే చెల్లుతుందంది, 2024లో సుప్రీంకోర్టు కేసు తీసుకోనే లేదు.

ఫెయిర్‌ఫాక్స్_అమ్మ:
ఓటేసేటప్పుడు 2024 తీర్పు కలలోకి వస్తుందా తమ్ముడూ? మా గోడు వినేదెవరు అనే చూశాం.

హెచ్1బీ_బాధితుడు:
ఇంత తెలుగు గోల జరుగుతోంది గానీ మాలాంటి వాళ్లకి ఓటే లేదు. మాకు కనబడింది కిరాణా బిల్లు. యంగ్‌కిన్ 2.5 శాతం పన్ను మొత్తం ఎత్తేస్తానన్నాడు, 2023 జనవరిలో 1.5 పోయింది, లోకల్ వాళ్ల 1 శాతం అలాగే ఉంది. సోనా మసూరి బస్తా మీద ఎంత మిగిలిందో మీరే లెక్కేసుకోండి 😄

ఆష్‌బర్న్_నాన్న:
పన్ను పక్కన పెట్టు. రాజూ, మా లౌడన్ కౌంటీలో బైడెన్ ఆధిక్యం 25 పాయింట్లు, మెకాలిఫ్‌ది 11. ఆ 14 ఏమయ్యాయి?

రిచ్‌మండ్_రాజు:
రాష్ట్రమంతా 10తో గెలిచి 2తో ఓడారు, అంటే 12 పాయింట్లు తిరిగింది. స్కూల్ గొడవలతో రోజూ టీవీలో కనిపించిన మీ కౌంటీలో అదనంగా తిరిగింది రెండే. అదే రోజు న్యూజెర్సీలో బైడెన్ 16తో గెలిచిన చోట డెమోక్రాట్ గవర్నర్ మర్ఫీ 3తో బయటపడ్డాడు. మర్ఫీ డిబేట్‌లో ఇలాంటి మాటేం జారలేదు మరి.

ఆష్‌బర్న్_నాన్న:
మర్ఫీ గెలిచాడుగా! రెండు పాయింట్లతో ఓడిపోయినవాడి దగ్గర 'అదనంగా రెండే' అంటావేంటయ్యా.