ఆంటికితేరా యంత్రం ఒక్క మేధావి పనా, పనివాళ్ల పరంపరా?

ప్రశ్న:
గ్రీసులోని ఆంటికితేరా దీవి దగ్గర మునిగిన ఓడలోంచి 1901లో స్పాంజీలు ఏరే ఈతగాళ్లు ఓ తుప్పు ముద్దను బయటికి తీశారు. అందులో 30 కంచు పళ్లచక్రాలు ఉన్నాయి. సూర్యచంద్రుల నడకనూ గ్రహణాలనూ లెక్కకట్టే రెండువేల ఏళ్ల నాటి యంత్రమది. తర్వాత వెయ్యేళ్లకు పైగా అంత చిక్కటి పనితనం ఎక్కడా కనబడలేదు. ఎవరో మహామేధావి ఒక్కసారి చేశాడు, ఆ విద్య అతనితోనే పోయిందని నా వాదన. కాదంటారా?

జవాబు:
కాదనే అంటానండీ. నేను పాత గోడ గడియారాలు బాగుచేస్తాను. ఒకసారి 60 పళ్ల చక్రాన్ని ఆకురాయితో చేత్తో దిద్దబోయి మూడు రేకులు పాడుచేశాను. ఈ యంత్రంలో గ్రహణాల లెక్క చెప్పే చక్రానికి 223 పళ్లు. 223 చాంద్రమాసాలకు గ్రహణాల వరస మళ్లీ మొదలవుతుంది కాబట్టి ఆ లెక్క. కానీ 223 ప్రధాన సంఖ్య. రేకును సగం, సగంలో సగం చేసుకుంటూ పోతే ఎప్పటికీ రాదు. 222 గీతలు గీశాక చివరిదానికి చోటు చాలకపోతే మళ్లీ మొదటికే. ఆ చెయ్యి మొదటిసారి పని చేసిన చెయ్యి కాదు.

చంద్రుడు ఆకాశంలో ఒకే వేగంతో నడవడు కదా. దానికి ఒక చక్రం మీద చిన్న మేకు, పై చక్రంలో గాడి పెట్టి, రెండింటి ఇరుసులను కాస్త పక్కపక్కకు జరిపారు. మేకు గాడిలో జారుతూ పై చక్రాన్ని ఒకసారి తొందరపెడుతుంది, ఒకసారి నెమ్మది చేస్తుంది. ఎంత అందమైన ఆలోచన!

పైగా సూర్యచంద్రుల కదలికలు చూపే ఇలాంటి గోళాలను గ్రీకు గణితవేత్త ఆర్కిమెడీస్ ఒకటి, గ్రీకు తత్వవేత్త పొసిడోనియస్ ఒకటి చేశారని రోమన్ రచయిత సిసిరో రాశాడు. మిగతావి ఏమయ్యాయంటారా? మన ఇళ్లలో చిల్లుపడ్డ ఇత్తడి బిందెలు ఏమయ్యాయో అవీ అదే అయ్యుంటాయి. ఇది సముద్రంలో పడింది కాబట్టి కొలిమి పాలవలేదు.

ప్రశ్న అడిగినవారు:
పరంపర సంగతి ఒప్పుకున్నాను. మరి అంత పని వచ్చినవాళ్లు ఇవే చక్రాలతో బరువు పనులు ఎందుకు చేయించలేదు?

జవాబు:
పళ్లచక్రాలతో బరువు పని చేయించారండీ. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలోనే రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ పళ్లచక్రాలతో తిరిగే నీటి మర గురించి రాశాడు. ఈ కంచు చక్రాలు మాత్రం వేరు. వీటి పళ్లు సూటి త్రిభుజాలు, రేకు పలుచన. పిడి తిప్పితే ముల్లు కదలడానికి సరిపోతాయి. తిరగలి రాయి కడితే మొదటి చుట్టులోనే పళ్లు రాలిపోతాయి.