పెద్ద కంపెనీ కొనేస్తే చిన్న కంపెనీ బతికినట్టా, పోయినట్టా?

గుణుపురం కిరాణా: మా కొట్టు అరువు ఖాతాలన్నీ ఒక చిన్న కంపెనీ యాప్‌లో రాసేవాణ్ణి. దాన్ని పెద్ద కంపెనీ ఒకటి కొనేసింది. కొన్నాళ్ళకే సర్వీసు ఆపేస్తున్నాం, లెక్కలు దింపుకోండి అని మెసేజ్. దింపుకుంటే తెలుగులో రాసిన పేర్ల చోట ప్రశ్నార్థకాలు. అంకెలున్నాయి, మనుషుల్లేరు. ఈ కొనుగోళ్ళ వల్ల బాగుపడేదెవరు?

రాయగడ కోడర్: బాబాయ్, అమ్మడమే తప్పంటే ఎలా? నిజామాబాద్ జిల్లా కుర్రాడు ఫణీంద్ర సామ స్నేహితులతో కలిసి పెట్టిన రెడ్‌బస్‌ని 2013లో ఐబిబో అనే పెద్ద కంపెనీ కొంది. ఇవాళ్టికీ మనం టికెట్లు తీస్తూనే ఉన్నాం. పెద్దవాళ్ళకి ఒక్కోసారి సరుకు కాదు, మనుషులే కావాలి. 2014లో ఫేస్‌బుక్ బెంగళూరు లిటిల్ ఐ ల్యాబ్స్‌ని కొన్నది చాలావరకు ఆ ఇంజినీర్ల కోసమే.

గుణుపురం కిరాణా: బతికినవే చెప్తున్నావు. క్యాబ్‌లు బుక్ చేసే ట్యాక్సీఫర్‌ష్యూర్‌ని ఓలా 2015లో 20 కోట్ల డాలర్లకి కొని 2016లో మూసేసింది. ఆన్‌లైన్‌లో బట్టలమ్మే జబాంగ్‌ని అదే వ్యాపారంలో ఉన్న మింత్రా 2016లో కొంది, 2020లో అదీ పోయింది.

బరంపురం వాసి: జబాంగ్‌ని కొన్నది ఫ్లిప్‌కార్ట్.

గుణుపురం కిరాణా: మింత్రా 2014 నుంచీ ఫ్లిప్‌కార్ట్‌దే కదండీ.

బరంపురం వాసి: అలాగైతే ఫ్లిప్‌కార్ట్ అనే రాయాలి.

పర్లాకిమిడి మాస్టారు: చట్టం సంగతి చూడండి. 2024 సెప్టెంబర్ నుంచి 2,000 కోట్ల రూపాయలు దాటిన బేరమైతే, అమ్ముడయ్యే కంపెనీకి మన దేశంలో గట్టి వ్యాపారం ఉంటే, కాంపిటీషన్ కమిషన్‌కి ముందే చెప్పాలి. అదైనా పోటీ దెబ్బతింటుందా అని చూడ్డానికే. కిరాణా ఖాతాలు ఏమయ్యాయని అడిగే పని దానిది కాదు.

గుణుపురం కిరాణా: చూశావా! కోడర్ బాబూ, మీ అన్నయ్య కూడా కంపెనీ పెట్టాడుగా. అమ్ముకుని సొమ్ము చేసుకుని ఉంటాడు, అందుకే ఇంత వెనకేసుకొస్తున్నావు.

రాయగడ కోడర్: అమ్మలేదు బాబాయ్. కొనేవాడు దొరక్క మూసేశాడు. కుర్రాళ్ళ ఆఖరి నెల జీతాల కోసం మా అమ్మ గాజులు తాకట్టు పెట్టాం. సర్వర్ బిల్లు కట్టలేక వాడేవాళ్ళ లెక్కలు చెప్పాపెట్టకుండా పోయాయి. మీకు మెసేజైనా వచ్చింది. ఎవరైనా కొని ఉంటే అదైనా మేం పంపగలిగేవాళ్ళం. తెలియకుండా మాటనకండి.

పర్లాకిమిడి మాస్టారు: ఇళ్ళ సంగతులు వద్దు, ఇద్దరూ కాస్త ఆగండి.

గుణుపురం కిరాణా: నేను అమ్ముకోవద్దనలేదు. నా ఖాతాలు నన్నడక్కుండా మీ బేరంలో సరుకెలా అయ్యాయన్నదే నా గొడవ. ఆర్నెల్ల గడువిచ్చి, తెలుగు పేర్లతో సహా లెక్కలు అప్పజెప్పాలని అగ్రిమెంట్‌లో ఒక్క ముక్క రాయలేరా?

రాయగడ కోడర్: ఆర్నెల్లు నడపడానికి డబ్బెవరు పెడతారు? అలాంటి షరతు పెడితే కొనేవాడు లేచిపోతాడు. నాకు ముందు జీతాలు.

గుణుపురం కిరాణా: ఆ బాకీలు వసూలైతేనే మా కొట్లో కుర్రాడికి జీతం, బాబూ.