తల లేని ధ్యాన విగ్రహం: బుద్ధుడా, తీర్థంకరుడా?

జడ్చర్ల వైపు ఒక ఊరి పొలిమేరలో కూర్చున్న రాతి విగ్రహం ఉంది. ఎత్తు దాదాపు రెండడుగులు, తల పోయింది, చేతులు ఒడిలో ఒకదానిపై ఒకటి. ఊరివాళ్లు నూనె, పసుపు రాసి కొలుస్తున్నారు. ఆ పొర కింద గీతలన్నీ మూసుకుపోయాయి.

ఎడమ భుజం మీదో చీలమండల దగ్గరో వస్త్రం అంచు కనబడితే బుద్ధుడే అనొచ్చు. ఇక్కడ తేలడం లేదు. ఛాతీ మీద శ్రీవత్సం (తీర్థంకరుల ఛాతీపై చెక్కే గుర్తు) లేదు, కానీ దక్షిణాది జైన విగ్రహాల్లో అది తరచూ ఉండదు కాబట్టి దాన్ని నమ్ముకోలేం. అసలు చిక్కు వీపు వెనక పాము చుట్టలు. జైన తీర్థంకరుల్లో పార్శ్వనాథుడికి ఏడు పడగలు, సుపార్శ్వనాథుడికి సాధారణంగా ఐదు, నాగరాజు ముచిలిందుడి నీడలోని బుద్ధుడికీ పడగలే. ఇక్కడ పడగలు విరిగిపోయాయి.

చుట్టుపక్కల చూసినా తేలదు: అల్వాన్‌పల్లి గొల్లత్తగుడి ఇటుకల జైన ఆలయం, పాత నల్గొండ జిల్లాలోని ఫణిగిరి బౌద్ధ స్తూపం.

చుట్టలు ఆసనంగా కిందున్నాయా, వీపు వెంట పైకి పోతున్నాయా అన్నదాన్నిబట్టి తేడా చెప్పొచ్చా? పీఠం మీద లాంఛనం (ఏ తీర్థంకరుడో తెలిపే గుర్తు) ఎక్కడ వెతకాలి? ఊరివాళ్లు ఒప్పుకున్నాక, యాసిడ్, ఇనుప బ్రష్ తగలనీయకుండా నూనె పొర ఎలా తీయాలి? ఏటవాలు వెలుతురులో తీసిన ఫొటోలు సరిపోతాయా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.