కొత్త కంపెనీ ఏఆర్-15: 300 రౌండ్లకే మంచిదని చెప్పేయొచ్చా?

కొత్తగన్ను_ఫ్రిస్కో
అందరికీ నమస్కారం. కంపెనీ పేరు రాయను, రాస్తే చర్చ అటు పోతుంది. ఈమధ్యే మార్కెట్లోకి వచ్చిన వాళ్ల ఏఆర్-15 రైఫిల్ తీసుకుని రెండు నెలలైంది. 16 అంగుళాల బ్యారెల్, 5.56 ఎం.ఎం. తూటా. 580 డాలర్లు, షాపువాడి ట్రాన్స్‌ఫర్ ఫీజు వేరే. 300 రౌండ్లు పేల్చాను, ఒక్క జామ్ కూడా లేదు. 100 గజాల్లో ఐదు రౌండ్లూ రెండంగుళాల లోపే పడ్డాయి. ఇదే గన్ను కొన్నవాళ్లు ఆన్‌లైన్‌లో రాసినవి ఓ యాభై దాకా చదివాను, దాదాపు అందరూ నాలాగే సంతోషంగా ఉన్నారు.

షూటింగ్ రేంజ్‌లో ఒక పెద్దాయన మాత్రం గన్ను మీద పేరు చదివి "ఇదెవరి కంపెనీ?" అని నవ్వాడు. పేరున్న గన్నుకి రెట్టింపు పెట్టడం దండగని నా అభిప్రాయం. మీరేమంటారు?

గోదారి_హూస్టన్
తమ్ముడూ, కాకి పిల్ల కాకికి ముద్దు. ఆ యాభై మందీ సొంత డబ్బు పెట్టి కొన్నవాళ్లే కదా, కొన్న మొదటి నెలలో "మోసపోయాను" అని రాసుకోవడం ఎవరికిష్టం? వాళ్లలో వెయ్యి రౌండ్లు దాటినవాళ్లు ఎందరో చూశావా?

ఒక చిన్న లెక్క చెప్తాను. 300 సార్లు పేల్చి ఒక్కసారీ ఆగకపోతే, గణాంకాల ప్రకారం 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది ఒక్కటే: ఆగే అవకాశం నూటికి ఒకటి కంటే ఎక్కువ ఉండదు. అంటే నూటికి ఒకసారి జామ్ అయ్యే గన్ను కూడా 300 రౌండ్లు నిక్షేపంలా నడిచి ఉండొచ్చు. ఇదీ నీ ఒక్క గన్ను సంగతే, ఆ కంపెనీ తయారుచేసే మిగతా వాటి సంగతి కాదు. మనలో సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్లమే. డెమోలో నడిచింది ప్రొడక్షన్‌లో ఏమవుతుందో నేను చెప్పాలా?

స్క్రూడ్రైవర్_స్వామి
గోదారి అన్నా, లెక్క బాగుంది గానీ అది పాత కంపెనీల గన్నుకీ వర్తిస్తుంది కదా. మీరు మీది కొన్నప్పుడు మూడు వేల రౌండ్లు పేల్చాకే మెచ్చుకున్నారా?

అసలు ఏఆర్-15 ఇప్పుడు ఎవరి సొత్తూ కాదు. ఆర్మలైట్ కంపెనీలో యూజీన్ స్టోనర్ చేసిన డిజైన్ అది. 1959లో కోల్ట్ కంపెనీ హక్కులు కొనుక్కుంది, 1977లో పేటెంటు గడువు తీరింది. అప్పట్నుంచీ లేతు ఉన్న ప్రతివాడూ చేస్తున్నాడు. రిసీవర్లు, అంటే మిగతావన్నీ బిగించే గన్ను ఒళ్లు, లోహం కొట్టి తయారుచేసేది కొద్ది కంపెనీలే, బ్రాండ్లు మాత్రం బోలెడు. బ్యారెల్ ఒకరి దగ్గర, బోల్ట్ (తూటాని బ్యారెల్లోకి తోసి, పేలాక వెనక్కి వెళ్లే ముక్క) ఇంకొకరి దగ్గర కొని, బిగించి, పేరు చెక్కి అమ్ముతారు. చట్టం లెక్కలో తుపాకీ అంటే సీరియల్ నంబరున్న ఆ లోయర్ (కింది) రిసీవరే. మా టెక్సస్‌లో మిగతావన్నీ పోస్టులో ఇంటికొచ్చే సామాన్లు. మీరు రెట్టింపు పెట్టేది చాలావరకు ఆ చెక్కిన గుర్తుకే.

గోదారి_హూస్టన్
ఒకే చెట్టు కాయ, ఒకే గుంటూరు కారం. అయినా ఒకరింటి ఆవకాయ ఏడాది నిలుస్తుంది, ఇంకొకరింటిది శ్రావణానికే బూజు పడుతుంది. తేడా సామాన్లలో లేదు స్వామీ, కలిపే చేతిలో ఉంది. బోల్ట్‌ని మోసే బోల్ట్ క్యారియర్ మీద గ్యాస్ కీ ఉంటుంది చూడు, పేలినప్పుడు వచ్చే గ్యాస్‌ని లోపలికి పంపి బోల్ట్‌ని వెనక్కి నడిపే చిన్న గొట్టం. రెండు స్క్రూలతో బిగిస్తారు. తర్వాత ఆ స్క్రూ తలల పక్కనున్న లోహాన్ని పంచ్‌తో కొట్టి, స్క్రూలు కదలకుండా నొక్కాలి. దీన్నే స్టేకింగ్ అంటారు. ఒక్క నిమిషం పని. ధర తగ్గించాలనుకునేవాడు మొదట పనిలో కక్కుర్తి పడేది అక్కడే. పైపైన గీత పెట్టి వదిలేస్తాడు. 300 రౌండ్ల దాకా నీకేమీ తెలియదు. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, స్క్రూ మెల్లగా వదులవుతుంది.

బోల్ట్ ఉక్కు కార్పెంటర్ 158 అయినా, 9310 అయినా నాకు పట్టింపు లేదు, రెంటితోనూ మంచివి చేసేవాళ్లున్నారు. స్టేకింగ్ మాత్రం ఫొటో తీసి పెట్టు తమ్ముడూ.

బాతెల్_బాబాయ్
మా వాషింగ్టన్ రాష్ట్రంలో 2023 ఏప్రిల్ నుంచి ఇలాంటి రైఫిళ్ల అమ్మకమే నిషేధం. మీ గొడవ చదవడం మాకు పక్కింటి పెళ్లి భోజనం వాసన చూసినట్టుంది. కానివ్వండి.

పందుల_వేట
అన్నలూ, నాది హెచ్-1బీ. దీపావళి ఆఫర్లో ఇదే కంపెనీది ఒకటి కొందామనుకుంటున్నా. టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో అడవి పందుల వేటకి 2019 నుంచి లైసెన్సే అక్కర్లేదంట కదా, ఇక ఇబ్బందేముంది?

నల్గొండ_ఆస్టిన్
తమ్మీ, ఆగు. చర్చకి సంబంధం లేకున్నా ఇది చెప్పకుంటే నాకు నిద్ర పట్టదు. రెండు చట్టాలు కలిపేస్తున్నవు. పందికి లైసెన్సు అక్కర్లేదన్నది రాష్ట్రం మాట, అది కూడా భూమి యజమాని ఒప్పుకుంటేనే. నీ వీసా మీదున్నోళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోరాదన్నది ఫెడరల్ చట్టం. అందులో ఉన్న కొద్ది మినహాయింపుల్లో మనలాంటోళ్లకి పనికొచ్చేది ఒకటే: గడువు తీరని వేట లైసెన్సు నీ పేరుమీద ఉండాలి. పందిని వేటాడినా, వేటాడకున్నా అది ఉండాల్సిందే. టెక్సస్ వేట లైసెన్సు ఆగస్టు 31తో అయిపోతది. సెప్టెంబర్ 1న కొత్తది లేకుండా గన్ను ఇంట్లో ఉంటే, అది నేరం. రేంజ్‌లో కిరాయికి పట్టుకున్నా అదే లెక్క. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా గన్ను కొనేటప్పుడు నింపే 4473 ఫారం మీద సంతకం పెట్టకు. గ్రీన్ కార్డు వచ్చినంక ఈ టెన్షన్ ఉండదు. 580 డాలర్ల ముచ్చటకి పదేళ్ల క్యూ పోగొట్టుకుంటవా?

పందుల_వేట
వామ్మో. థాంక్స్ అన్నా. ఈ నెలకి ఎయిర్‌ ఫ్రయ్యర్‌తో సరిపెట్టుకుంటా.

కొత్తగన్ను_ఫ్రిస్కో
ఫొటో పెట్టాను చూడండి. స్టేకింగ్ ఉంది, కానీ పల్చగానే ఉందని ఒప్పుకుంటాను. అయినా వాళ్లు లైఫ్‌టైమ్ వారంటీ ఇచ్చారు కదా?

గోదారి_హూస్టన్
లైఫ్‌టైమ్ అంటే ఎవరి లైఫ్? నీదా, గన్నుదా, కంపెనీదా? నిన్నగాక మొన్న పుట్టిన కంపెనీ జాతకం ఎవరు చూశారు?

స్క్రూడ్రైవర్_స్వామి
పాతవాళ్ల జాతకం చూద్దామా? కోల్ట్ 2015లో దివాలా పిటిషన్ వేసింది. 2019లో జనానికమ్మే రైఫిళ్ల తయారీ కొంతకాలం ఆపేసింది. 2021లో చెక్ రిపబ్లిక్ కంపెనీ చేతికి పోయింది. 1816 నుంచి ఉన్న రెమింగ్టన్ 2018లో ఒకసారి, 2020లో ఇంకోసారి దివాలా తీసి ముక్కలుగా అమ్ముడుపోయింది. వయసుని చూసి వారంటీని నమ్మడం నాకు రాదు. ఏఆర్‌లో ఉన్న సుఖమేంటంటే, కంపెనీ పోయినా విడిభాగాలు దొరుకుతాయి. వీళ్లు సొంత డిజైన్‌తో ఏదో కొత్త రకం గన్ను చేసి ఉంటే నేనూ గోదారి అన్న పక్కనే నిలబడేవాణ్ని. అలాంటివి కంపెనీతోపాటే చస్తాయి.

గోదారి_హూస్టన్
ఆ ఆఖరి మాట ఒప్పుకుంటాను. మిగతాది కాదు.

నల్గొండ_ఆస్టిన్
నా దగ్గర పాత కంపెనీది, కొత్త కంపెనీది రెండూ ఉన్నయి. దసరాకి రెండూ ఖాళీ చేసి పూజలో పెట్టిన. వీడియో కాల్‌లో మా అమ్మ చూసి, ముందు బొట్టు పెట్టమన్నది, తర్వాత గంట సేపు తిట్టింది. ఏది ఎంతకి కొన్నానో మాత్రం ఆమె అడగలే.

కొత్తగన్ను_ఫ్రిస్కో (ఐదు వారాల తర్వాత)
దాచకుండా చెప్పాలి కాబట్టి మళ్లీ వచ్చాను. మ్యాగజైన్‌లో ఆఖరి రౌండు పేలాక బోల్ట్ వెనక్కి పోయి అక్కడే ఆగాలి, 700 రౌండ్లు దాటాక అది మానేసింది. ఖాళీ తొడుగులు అంతకుముందు కుడివైపు పక్కకి పడేవి, ఇప్పుడు నీరసంగా నా మోచేతి వెనక పడుతున్నాయి. చవక మందుగుండు వల్లేమోనని మూడు రకాలు మార్చాను, అన్నీ ఇత్తడివే. అదే తీరు. మ్యాగజైన్‌లో ఒక్కో రౌండు పెట్టి పేల్చి చూస్తే పదిసార్లలో ఆరుసార్లు బోల్ట్ ఆగలేదు. ఇంటికొచ్చి తెరిచి చూస్తే గ్యాస్ కీ వేలితో కదులుతోంది. గ్యాస్ అక్కడే పక్కకి పోతోందన్నమాట.

కంపెనీకి మెయిల్ పెట్టాను. మర్నాడే మనిషి ఫోన్ చేశాడు, క్షమించమన్నాడు. కొత్త బోల్ట్ క్యారియర్ పదకొండు రోజుల్లో వచ్చింది, పైసా తీసుకోలేదు. దీనిమీద స్టేకింగ్ లోతుగా ఉంది.

గోదారి_హూస్టన్
చెప్పానా? అదే చోట, అదే కారణం. రాత్రి అలికిడికి లేచి పట్టుకున్నప్పుడు ఇలా ఆగి ఉంటే, పదకొండు రోజులు ఆగమని దొంగకి చెప్తావా?

స్క్రూడ్రైవర్_స్వామి
మర్నాడే ఫోన్ చేసిన కంపెనీని ఇంకొకటి చూపించండి అన్నా. పెద్ద కంపెనీకైతే టికెట్ నంబరు రావడానికే వారం పడుతుంది.

కొత్తగన్ను_ఫ్రిస్కో
మీ ఇద్దరికీ ఒక సంగతి చెప్పాలి. నిన్న రేంజ్‌లో మళ్లీ ఆ పెద్దాయన కనిపిస్తే జరిగింది చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. తన గన్ను తెరిచి కీ చూపించాడు. పెద్ద పేరున్న కంపెనీది, ఇరవై ఏళ్లనాటిది. స్టేకింగ్ గట్టిగా, లోతుగా ఉంది. "ఎంత బాగా చేశారో" అన్నాను. "వాళ్లు చెయ్యలేదు, కొన్న వారానికి మా గరాజ్‌లో నేనే కొట్టుకున్నాను" అన్నాడు.