స్టార్ట్ బటన్ మధ్యలోకి వస్తే నష్టమేమిటి? డెస్క్‌టాప్ మార్పులపై ఆన్‌లైన్ చర్చ

రేఖాచిత్రం

కంప్యూటర్ తెరల రూపకల్పన నా వృత్తి. విండోస్ 11 వచ్చింది 2021 అక్టోబరులో. స్టార్ట్ బటన్‌ను టాస్క్‌బార్ మధ్యలోకి తెచ్చారన్న కోపం ఇప్పటికీ చల్లారలేదు. ప్రతి మార్పునూ దౌర్జన్యంగా చూసే ధోరణితో నాకు పేచీ ఉంది. అందుకే ఈ చర్చ.

1995లో విండోస్ 95తో స్టార్ట్ బటన్ వచ్చినప్పుడు తెరలు చిన్నవి, దాదాపు చతురస్రాలు. ఇప్పుడు బల్ల మీద 27 అంగుళాల వెడల్పు తెర ఉంటోంది. మనిషి చూపు దాని మధ్యలో ఉంటుంది. చేయీ అక్కడే ఉంటుంది. బటన్ అక్కడికి రావడంలో తప్పేముంది?

దీన్ని 2012 నాటి విండోస్ 8తో ఒకే గాటన కట్టేస్తున్నారు. అప్పుడు చెడింది మార్చినందుకు కాదు, దాచినందుకు. బటన్ తీసేసి, మౌస్‌ను మూలకు తీసుకెళితే తప్ప ఏమీ కనబడని ఏర్పాటు చేశారు. గుర్తే లేని చోట తలుపు ఉందని ఎవరికి తెలుస్తుంది? ఏడాది తిరక్కుండానే 8.1లో బటన్‌ను, 2015లో విండోస్ 10తో మెనూను తిరిగి తేవలసి వచ్చింది.

రైట్ క్లిక్ మెనూ చూడండి. ఏళ్ల తరబడి ప్రతి ప్రోగ్రామూ తన వరుస ఒకటి అందులో చేర్చుకుంటూ పోయింది. రోజూ వాడే కాపీ, డిలీట్ ఎక్కడో అడుగున పడ్డాయి. విండోస్ 11లో వాటిని మౌస్ బాణం పక్కకే తెచ్చారు. ఇది మెరుగుదల కాదా?

కిటికీపక్కసీటు

సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో టాస్క్‌బార్. అలైన్‌మెంట్ ఎడమకు మార్చుకుంటే బటన్ పాత చోటికే వస్తుంది. దీనికింత చర్చ అవసరమా?

అక్షరాలకొట్టు

రేఖాచిత్రం గారూ, నాది డీటీపీ పని. పెళ్లి కార్డులు, కరపత్రాలు, చిన్న పుస్తకాలు. చూపు మధ్యలో ఉంటుందన్నారు. స్టార్ట్ నొక్కడానికి నేను అసలు చూడను. నా చూపు పక్కనున్న రాతప్రతి మీద ఉంటుంది. మౌస్‌ను కిందికీ ఎడమకూ ఒక్క విసురు విసిరితే మూలలో ఆగుతుంది. అంతకుమించి పోవడానికి చోటు లేదు.

ఇంకో మాట. మధ్యలో పెట్టిన బటన్ నిలకడగా ఉందా? కొత్త ప్రోగ్రాం తెరిచినప్పుడల్లా బొమ్మల వరుస రెండు వైపులా విస్తరిస్తుంది, స్టార్ట్ కాస్త ఎడమకు జరుగుతుంది. మూసేస్తే మళ్లీ కుడికి వస్తుంది. ఉదయం ఉన్నచోట మధ్యాహ్నం ఉండని బటన్‌ను చెయ్యి ఎలా నేర్చుకుంటుంది?

రైట్ క్లిక్ మెనూను బాగు చేశామంటున్నారు. కట్, కాపీ, పేస్ట్ అన్న మాటలు తీసేసి ఉత్త బొమ్మలు పెట్టారు. 2024 వెర్షన్‌లో ఆ బొమ్మలకు మాటలు మళ్లీ చేర్చారు. అప్పటిదాకా తడుముకున్నది మేము.

రేఖాచిత్రం

మీరు చెప్పేదాన్ని ఫిట్స్ సూత్రం అంటారు. పాల్ ఫిట్స్ 1954లో ప్రతిపాదించారు. లక్ష్యం ఎంత పెద్దదైతే, ఎంత దగ్గరగా ఉంటే అంత త్వరగా చేరతాం. తెర అంచు బాణాన్ని ఆపేస్తుంది కాబట్టి మూల చాలా పెద్ద లక్ష్యంతో సమానం. నిజమే. కానీ ఆ సూత్రంలో దూరం కూడా ఉంది. వెడల్పు తెరలో మూల దాకా పోయి రావడం తక్కువ ప్రయాణమేమీ కాదు. పైగా మధ్యలో ఉన్న బటన్ కూడా కింది అంచును ఆనుకునే ఉంది.

బటన్ జరుగుతుందన్న మాట సరైనదే. నేనైతే స్టార్ట్‌ను ఒకచోట బిగించి మిగతావాటినే జరగనిచ్చేదాన్ని.

లినక్స్‌మిత్రుడు

ఈ గొడవ మేం 2011లోనే చూశాం. లినక్స్‌లో వాడే డెస్క్‌టాప్ రూపాల్లో ఒకటైన గ్నోమ్ 3లో విండో మీది మినిమైజ్, మాగ్జిమైజ్ బటన్లు తీసేశారు. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ అంతటివాడు బహిరంగంగానే విమర్శించి అప్పట్లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఇంకో డెస్క్‌టాప్‌కు మారిపోయాడు. నచ్చనివాళ్లు గ్నోమ్ 2 కోడ్‌ను తీసుకుని మేట్ పేరుతో కొనసాగించారు. ఇవాళ్టికీ నడుస్తోంది. మాకు దారి ఉంది, మీకు లేదు. అంతే తేడా.

అక్షరాలకొట్టు

పేజ్‌మేకర్, ఫొటోషాప్, అను ఫాంట్లు మీ లినక్స్‌లో నేరుగా నడుస్తాయా? నడవవు. ఆ దారి నాకు దారి కాదు.

బడిగంట

ప్రభుత్వ పాఠశాలలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. మా పిల్లలకు ఈ పట్టింపు లేదు. విండోస్ కీ నొక్కి, కావలసిన ప్రోగ్రాం పేరులో రెండక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కుతారు. ఆ సౌకర్యం విండోస్ విస్టా నుంచి ఉంది. బటన్ ఎడమన ఉందా మధ్యలో ఉందా అని వాళ్లు చూడను కూడా చూడరు.

వాళ్లు తికమకపడేది వేరే చోట. ఒకే పనికి కంట్రోల్ ప్యానెల్‌లో ఒక దారి, సెట్టింగ్స్‌లో ఇంకో దారి. 2012లో కొత్త సెట్టింగ్స్ తెర మొదలుపెట్టారు, పాతది ఇంకా పూర్తిగా పోలేదు. ఇంకొకటి, పక్కనుండే స్క్రోల్ బార్ కనబడకపోవడం. 2011లో ఆపిల్ వాళ్ల మ్యాక్ ఓఎస్ ఎక్స్ లయన్ దాన్ని అవసరమైనప్పుడే చూపడం మొదలుపెట్టింది, తర్వాత మిగతావాళ్లూ అదే బాట పట్టారు. కింద ఇంకా పేజీ ఉందని తెలియక పిల్లలు సగం ప్రశ్నలకే జవాబు రాసి లేచిపోతున్నారు.

రేఖాచిత్రం

బడిగంట గారు నా వాదనకే బలం ఇచ్చారు. పాతదాన్ని తీసేసే ధైర్యం లేక రెండూ ఉంచితే కంట్రోల్ ప్యానెల్ గతి పడుతుంది. ప్రతి పాత దారినీ కాపాడమంటే జరిగేది అదే.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక సంస్థలో బిల్లులు వేసే తెరను మార్చే పని నాకు అప్పగించారు. పాత తెరలో ప్రతి సరుకుకూ ఒక కోడ్ ఉంటుంది, అది బట్టీ వస్తే తప్ప బిల్లు పడదు. అక్కడి సీనియర్లకు కంఠతా వచ్చు కాబట్టి మార్చడానికి వీల్లేదని పట్టుబట్టారు. యాజమాన్యం తల ఊపింది. నెలల పని బుట్టదాఖలైంది. కొత్తగా చేరిన అమ్మాయిలు వరుసలో నిలబడ్డ జనం ముందు కోడ్‌లు వెతుక్కుంటూ కన్నీళ్లు పెట్టుకోవడం నేను కళ్లారా చూశాను. వాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. అలవాటైనవాళ్ల గొంతే ఎప్పుడూ పెద్దది.

అక్షరాలకొట్టు

మీ అమ్మాయిల కష్టం అర్థమైంది. నాదీ వినండి. పెళ్లిళ్ల సీజను నడిమధ్యలో కంప్యూటర్ మొరాయిస్తే బాగుచేసే మనిషికి ఇచ్చాను. నన్ను అడగకుండా పాతది చెరిపి కొత్త విండోస్ ఎక్కించి పంపాడు. గౌతమి ఫాంటులో చేసిన పాత ఫైలు తెరిస్తే అక్షరాలు వేరే ఫాంటులో వచ్చాయి. గౌతమి ఎక్స్‌పీ కాలం నుంచి విండోస్‌తో వచ్చే ఫాంటు. విండోస్ 10 నుంచి అది అదనపు ఫాంట్ల జాబితాలోకి వెళ్లింది. తెలుగు భాషను చేర్చుకుంటే తప్ప, లేదా విడిగా దింపుకుంటే తప్ప రాదు. ఆ సంగతి నాకు చెప్పినవాళ్లు లేరు. వరుసలు విరిగాయి. పెళ్లికూతురి తండ్రి పేరు సగం ఒక వరుసలో, ఇంటిపేరు ఇంకో వరుసలో పడ్డాయి. ఆయన కార్డులన్నీ తిప్పి పంపారు. కాగితం ఖర్చు నాదే.

రేఖాచిత్రం

అది ఫాంటు సమస్య, మీ ఫైళ్ల నిర్వహణ సమస్య. తెర రూపకల్పనకు దానికీ సంబంధం లేదు. ప్రతి కష్టాన్నీ డిజైనర్ నెత్తిన రుద్దితే చర్చ ముందుకు సాగదు.

అక్షరాలకొట్టు

మీకది వేరు, ఇది వేరు. నాకు కంప్యూటర్ ఒక్కటే.

టాస్క్‌బార్ సంగతే తీసుకోండి. ఒకే ప్రోగ్రాంలో అయిదారు ఫైళ్లు తెరిచి పనిచేస్తాను. విండోస్ 10లో ప్రతి ఫైలుకూ పేరుతో సహా విడి గడి ఉంచుకునేవాళ్లం. విండోస్ 11 అన్నిటినీ ఒక్క బొమ్మ కింద కుక్కేసింది. బొమ్మ మీదికి వెళ్లాలి, చిన్న చిత్రాలు వచ్చేదాకా ఆగాలి, ఏది ఏ కార్డో పోల్చుకోవాలి, అప్పుడు నొక్కాలి. విడి గడుల సదుపాయాన్ని 2023లో తిరిగి ఇచ్చారు. టాస్క్‌బార్‌ను తెర పక్కకు జరుపుకునే వీలు కూడా 2021లో తీసేశారు. నిలువు పేజీ మీద పనిచేసేవాడికి అడుగున ఆ పట్టీ ఎంత చోటు తినేస్తుందో మీకు తెలియదా?

మీకు జీతం వచ్చేది మార్చినందుకు. నాకు డబ్బు వచ్చేది పేజీ పూర్తయినందుకు.

రేఖాచిత్రం

ఆ మాట వెనక్కి తీసుకోండి. మార్చినందుకు ఎవరూ జీతం ఇవ్వరు. ఆ టాస్క్‌బార్‌ను కొత్తగా తిరగరాశారు. తిరగరాసేటప్పుడు ప్రతి పాత సదుపాయాన్నీ మళ్లీ కట్టాలి, ప్రతి భాషలో, ప్రతి తెర పరిమాణంలో పరీక్షించాలి. కొందరే వాడేవి వెనకబడతాయి. పది మంది పనిని బట్టి కాదు, కోట్ల మంది పనిని బట్టి నిర్ణయాలు జరుగుతాయి. మీరు అడిగేది మంచి డిజైన్ కాదు, ఎవరూ ఏదీ ముట్టుకోకూడదన్నదే మీ కోరిక.

నిర్వాహకులు

వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు. విషయం మీదే మాట్లాడండి.

కిటికీపక్కసీటు

విడి గడులు కూడా అదే టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో ఉన్నాయి.

అక్షరాలకొట్టు

కిటికీపక్కసీటు గారూ, అక్కడ ఉందని నాకు తెలుసు. రెండేళ్లు లేదన్నదే నా బాధ.

రేఖాచిత్రం గారూ, మాట వెనక్కి తీసుకోను. మీ మీద వ్యక్తిగతంగా అన్నది కాదు. మారిస్తే మీ రోజు గడుస్తుంది, మారితే నా రోజు ఆగుతుంది. ఆ తేడాకు అయ్యే ఖర్చు ఎవరు భరిస్తున్నారని అడుగుతున్నాను.

ఎవరూ ఏదీ ముట్టుకోకూడదని నేను అనలేదు. కొత్తది చేయండి, ఇంకా అందంగా చేయండి. కానీ వద్దని చెప్పే వీలు నాకేది? వైరస్‌ల నుంచి కాపాడే ప్యాచ్ కావాలంటే కొత్త మెనూ కూడా తీసుకోవాలి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. బ్యాంకు పని, జీఎస్టీ పని ఆ కంప్యూటర్‌లోనే చేస్తాను. ప్యాచ్ లేకుండా ఎన్నాళ్లు నెట్టుకురావాలి? సొంత ఇల్లు అనుకుని సర్దుకున్నాం, యజమాని వచ్చి గోడ జరిపి పోతుంటే అద్దె ఇల్లని తెలిసింది.

రేఖాచిత్రం

ఈ మాట మొదటే అని ఉంటే స్టార్ట్ బటన్ దగ్గర ఇంతసేపు ఆగేవాళ్లం కాదు. భద్రతనూ రూపాన్నీ విడదీయాలన్నది మీ వాదన. నేను ఒప్పుకోను. కారణం చెబుతాను.

పాత టాస్క్‌బార్ ఉంచితే దాని పాత కోడ్ ఉంచాలి. భద్రతా లోపాలు ఆ కోడ్‌లోనే పుడతాయి. రెండు రూపాలు ఉంచితే ప్రతి ప్యాచ్‌నూ రెండింటి మీదా పరీక్షించాలి. అయిదేళ్లకు నాలుగు రూపాలు అవుతాయి. గ్నోమ్‌లో పాత రూపం కోసం వాడే ఎక్స్‌టెన్షన్లు, అంటే విడిగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాములు, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పనిచేయడం మానేస్తాయి. లినక్స్‌మిత్రుడు గారికి ఇది తెలిసే ఉంటుంది.

నేను అడిగేది ఇంతవరకే. తీసేసే ముందు చెప్పాలి. ఒక వెర్షన్ పాటు రెండూ పక్కపక్కన ఉండాలి. ఆ తర్వాత పాతది పోవాలి. ఎప్పుడు పోవాలో రూపకర్త నిర్ణయించాలి.

లినక్స్‌మిత్రుడు

ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి, నిజమే. అందుకే నేను మేట్ వదల్లేదు.

అక్షరాలకొట్టు

మనిద్దరికీ తేడా అక్కడే ఉంది. ఎప్పుడు పోవాలో మీరు నిర్ణయిస్తానంటున్నారు. నా చేతిలో ఉన్న పనిముట్టు ఎప్పుడు మారాలో నేను నిర్ణయించాలంటున్నాను. ఒక వెర్షన్ పాటు ఉంచినా, ఆ గడువు పెళ్లిళ్ల సీజనులో ముగిస్తే నాకు ఒరిగేదేమిటి?

రేఖాచిత్రం

సీజను చూసి గడువు పెట్టమంటే వినడానికి సిద్ధం. ప్రతి మనిషికీ వీటో ఇమ్మంటే మాత్రం సిద్ధంగా లేను. బిల్లుల తెర ముందు నిలబడ్డ ఆ కొత్త అమ్మాయికి అప్పుడు ఏ వీటో ఉంది?

బడిగంట

మీ ఇద్దరూ కొత్త యంత్రం కొనగలవాళ్లు. మా ల్యాబులోని కంప్యూటర్లలో విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేదు, విండోస్ 11కు అర్హత లేదంటున్నాయి. విండోస్ 10కి మద్దతు పోయింది. యంత్రాలు మాత్రం శుభ్రంగా పనిచేస్తున్నాయి. వీటిని ఏం చేయాలో ఎవరైనా చెబుతారా?

లినక్స్‌మిత్రుడు

లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని అక్కడి నుంచే నడిపి చూడండి. ఉన్నదేదీ చెరిగిపోదు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులో ఉంది. ముందు ఒక్క యంత్రం మీద, పిల్లలతోనే ప్రయత్నించండి. ప్రింటరు పలుకుతుందో లేదో మొదట చూసుకోండి, చాలాసార్లు చిక్కు అక్కడే వస్తుంది.